కోర్నెల్‌లో బయాలజీ చదువుతున్న అమ్మాయి కంప్యూటర్ సైన్స్ కోసం విశ్వవిద్యాలయమే మారాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు ఇక్కడ చెబుతాను. తరువాత చదివేవారికీ సౌకర్యంగా ఉంటుంది. మీరు న్యూజెర్సీలో ఉంటున్నారు. మీ అమ్మాయి కోర్నెల్‌లో వ్యవసాయ, జీవశాస్త్రాల కళాశాల ద్వారా బయాలజీలో చేరి, మొదటి సెమిస్టర్‌ను 3.8 జీపీఏతో (గ్రేడ్ల సగటుతో) ముగించింది. సరదాగా తీసుకున్న పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సు ఆమెకు ఎంతగా నచ్చిందంటే, ఇప్పుడు కంప్యూటర్ సైన్స్‌లోనే పట్టా పుచ్చుకోవాలని, అదీ స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, కార్నెగీ మెలన్, బర్కిలీలలో ఏదో ఒకచోట పుచ్చుకోవాలని అనుకుంటోంది. దరఖాస్తు గడువు మార్చిలో ఉందని రాశారు. ఆమె ప్రస్తుతం హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే వీసా మీద ఉంది. మారడం మంచిదా, మారాలంటే ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థులకు చదువు విషయంలో సలహాలిచ్చే ఉద్యోగం చేశాను. మా దగ్గర నుంచి వెళ్ళిపోవాలనుకున్నవారికి కావలసిన పత్రాలు నింపాను, వేరే చోటి నుంచి మా దగ్గరకు వచ్చినవారి క్రెడిట్లు, అంటే పూర్తిచేసిన కోర్సులకు వచ్చే యూనిట్లు, లెక్కగట్టాను. ఆ అనుభవంతో మొదట చెప్పదలచుకున్నది ఒకటుంది. మీరు ఒకే ప్రశ్న అడిగాననుకుంటున్నారు గాని, అందులో రెండున్నాయి. మేజర్, అంటే పట్టాకు ఎంచుకునే ప్రధాన విషయం, మారడం ఒకటి, విశ్వవిద్యాలయం మారడం మరొకటి. మొదటిదానికి రెండోది అవసరమా అన్నది తేలకుండా దరఖాస్తు మొదలుపెడితే ఆ దరఖాస్తూ బలహీనంగా ఉంటుంది, ఇక్కడి చదువూ దెబ్బతింటుంది.

అందువల్ల ముందు కోర్నెల్ లోపలే చూద్దాం. కోర్నెల్‌లో విద్యార్థిని చేర్చుకునేది విశ్వవిద్యాలయం మొత్తం కాదు, అందులోని ఒక కళాశాల. కంప్యూటర్ సైన్స్ మేజర్ ప్రధానంగా ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కళాశాల ద్వారా, ఇంజనీరింగ్ కళాశాల ద్వారా లభిస్తుంది. మీ అమ్మాయి ఉన్న కళాశాల ద్వారా లభించదు. కాబట్టి ఆమె ఆ రెండింటిలో ఒకదానికి అంతర్గత బదిలీ కోరాలి, ఆపైన ఆ మేజర్‌లోకి ప్రవేశం పొందాలి. ఈ రెండు మెట్లలోనూ కొన్ని నిర్దిష్ట కోర్సులలో వచ్చిన గ్రేడ్లకు బరువుంటుంది: డేటా స్ట్రక్చర్స్ నేర్పే సీఎస్ 2110, డిస్క్రీట్ గణితం నేర్పే సీఎస్ 2800, కాల్క్యులస్. ఇంజనీరింగ్ వైపు వెళితే ఫిజిక్స్, ఇంజనీరింగ్ గణితం అదనంగా వస్తాయి. ఆర్ట్స్ అండ్ సైన్సెస్ వైపు వెళితే ఒక విదేశీ భాష, రకరకాల విభాగాల నుంచి కోర్సులు తీసుకోవాలన్న నిబంధన వస్తాయి. బయాలజీలో ఇప్పటికే తీసుకున్న కోర్సులు వృథా కాని దారి రెండోది అన్నది నా అభిప్రాయం.

కళాశాల గడప దాటకుండానే మరో దారి ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఇన్ఫర్మేషన్ సైన్స్ మేజర్ మీ అమ్మాయి ఉన్న కళాశాలలోనే దొరుకుతుంది. ప్రోగ్రామింగ్, డేటా విశ్లేషణ, మనుషులు యంత్రాలతో మెలిగే తీరు మీద దాని దృష్టి. ఆపరేటింగ్ సిస్టమ్స్, అల్గారిథమ్‌ల సిద్ధాంతం వంటివి అందులో తక్కువ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే లక్ష్యమైతే ఈ మేజర్‌తో పాటు కంప్యూటర్ సైన్స్ కోర్సులు కొన్ని కలుపుకున్నవారికి పెద్ద ఇబ్బంది ఏమీ ఉండదు. అదీ కాక, బయాలజీ మేజర్‌లో కంప్యుటేషనల్ బయాలజీ అనే ప్రత్యేక విభాగం ఉంది. ప్రోటీన్లు ఎలా ముడుచుకుంటాయో కంప్యూటర్‌తో ఊహించినందుకు, కొత్త ప్రోటీన్లను కంప్యూటర్‌తో రూపొందించినందుకు 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చిందని గుర్తు చేసుకుంటే, బయాలజీ, కంప్యూటర్ సైన్స్ రెండు వేర్వేరు ఊళ్ళు కావని అర్థమవుతుంది. పైథాన్ కోర్సు నచ్చింది సరే, ఆమెకు నచ్చింది ప్రోగ్రామ్ రాయడమా, లేక ఆ ప్రోగ్రామ్‌తో బయాలజీలోని ఒక చిక్కు విప్పడమా అన్నది ఆమెనే అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు వస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

ఇక్కడ డబ్బు సంగతి ఒకటి, మీకు వర్తించకపోయినా ఇతరుల కోసం చెబుతాను. ఆమె ఉన్న కళాశాల న్యూయార్క్ రాష్ట్రం ఆర్థికంగా తోడ్పడే కళాశాలలలో ఒకటి; న్యూయార్క్ నివాసులకు అక్కడ ట్యూషన్ తక్కువ. ఆ కుటుంబాల పిల్లలు అదే క్యాంపస్‌లో రోడ్డు దాటి ఇంజనీరింగ్‌కో ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌కో మారినా ఫీజు బాగా పెరుగుతుంది. మీరు న్యూజెర్సీవారు కనుక ఆ రాయితీ మీకు మొదటినుంచీ లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. మీరు రాసిన నాలుగు పేర్లను ఒకే గాటన కట్టడం కుదరదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ విద్యార్థి, అంటే మరో చోటి నుంచి మధ్యలో మారి వచ్చే విద్యార్థి, విషయంలో వాటి పద్ధతులు పూర్తిగా వేరు. బర్కిలీని ఈ ఏడాదికి పక్కన పెట్టేయవచ్చు. బర్కిలీ భాగమైన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ తన దరఖాస్తులను శరదృతువులోనే తీసుకుంటుంది కాబట్టి గడువు దాటిపోయింది. అంతకన్నా ముఖ్యం, ఆ వ్యవస్థ ట్రాన్స్‌ఫర్‌గా చేర్చుకునేది ప్రధానంగా 60 సెమిస్టర్ క్రెడిట్లు, అంటే రెండేళ్ళ చదువు, పూర్తిచేసి మూడో ఏట అడుగుపెట్టేవారిని. వారిలోనూ తొలి ప్రాధాన్యం కాలిఫోర్నియాలోని రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీల వారిది, ఆ తరువాతే మిగిలినవారిది. వేరే రాష్ట్రంలోని నాలుగేళ్ళ విశ్వవిద్యాలయం నుంచి, అందునా అక్కడ అందరూ ఎగబడే కంప్యూటర్ సైన్స్‌కు వెళ్ళడం వరుసలో చివర నిలబడడమే. ఇది అన్యాయమని నేననుకోను. ఆ రాష్ట్ర ప్రజల పన్నులతో నడిచే వ్యవస్థ ముందుగా ఆ రాష్ట్రపు విద్యార్థిని చూసుకుంటుంది.

స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ ఈ విషయంలో ఒక జాతివి. అవి విద్యార్థిని మేజర్‌ను బట్టి చేర్చుకోవు. చేరిన తరువాత ఏ మేజరైనా ఎంచుకోవచ్చు. ఆ స్వేచ్ఛకు చెల్లించే వెల ఏమిటంటే, లోపలికి వెళ్ళడమే కష్టం. స్టాన్‌ఫర్డ్ ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుదారులలో నూటికి ఒకరిద్దరిని మించి తీసుకోదు. హార్వర్డ్‌లో ఏడాదికి చేర్చుకునేది డజను మంది స్థాయిలో ఉంటుంది. ప్రిన్స్‌టన్ అయితే 1990 నుంచి దాదాపు మూడు దశాబ్దాల పాటు ట్రాన్స్‌ఫర్‌లనే తీసుకోలేదు. 2018లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూడా కమ్యూనిటీ కాలేజీల వారిని, సైన్యంలో పనిచేసి వచ్చినవారిని, తక్కువ ఆదాయ కుటుంబాలవారిని దృష్టిలో పెట్టుకునే మొదలుపెట్టింది. కార్నెగీ మెలన్ దీనికి భిన్నం, అక్కడ ఏ కళాశాలకు దరఖాస్తు చేస్తే ఆ కళాశాల ఖాళీలను బట్టి నిర్ణయం; కంప్యూటర్ సైన్స్‌లో ఖాళీ ఏర్పడడం అరుదు. విచిత్రమేమిటంటే, పెద్ద పేరున్న విశ్వవిద్యాలయాలలో ట్రాన్స్‌ఫర్‌లకు తలుపు కాస్త పెద్దగా తెరిచి ఉంచేవాటిలో కోర్నెల్ ఒకటి. వేరేచోట్ల పిల్లలు ఏటా వందల సంఖ్యలో అక్కడికి మారుతుంటారు, మీ అమ్మాయి అక్కడి నుంచి బయటికి చూస్తోంది. అలా చూడడం తప్పని కాదు, కాని ఈ మాట దరఖాస్తు చదివేవారికీ తెలుసు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఇలాంటి సందర్భాలలో తల్లిదండ్రులు తరచుగా ఒబామా పేరు ఎత్తుతారు: ఆయన కాలిఫోర్నియాలోని ఆక్సిడెంటల్ కళాశాలలో రెండేళ్ళు చదివి, 1981లో కొలంబియాకు మారి, 1983లో రాజనీతిశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. అయితే చిన్న కళాశాల నుంచి పెద్ద నగరంలోని పెద్ద విశ్వవిద్యాలయానికి మారేవారి దగ్గర చెప్పుకోవడానికి ఒక కారణం ఉంటుంది: అక్కడ లేనిది ఇక్కడ ఉంది. సమాన స్థాయి విశ్వవిద్యాలయం నుంచి వచ్చే దరఖాస్తు తెరవగానే ఎదుటివారి మనసులో మొలిచే ప్రశ్న, 'ఆమెకు అక్కడ లేనిదేమిటి?' అన్నదే. కోర్నెల్‌లో కంప్యూటర్ సైన్స్ దేశంలోని మంచి విభాగాలలో ఒకటి. 2020లో ఒక భారీ విరాళంతో ఆ రంగానికి విడిగా ఒక కళాశాలే ఏర్పడింది. అలాంటిచోట ఉండి 'కంప్యూటర్ సైన్స్ కోసం మారుతున్నాను' అని రాస్తే ఎవరూ నమ్మరు. కళాశాలల మధ్య బదిలీ కష్టమని మారుతున్నట్టో, ర్యాంకుల పట్టికలో నాలుగు మెట్లు పైకెక్కడానికి మారుతున్నట్టో చదువుకుంటారు. ఈ రెండు కారణాలలో ఏదైనా నిజమే అయితే, దాన్ని వ్యాసంలో ఎంత అందంగా కప్పినా కప్పిన బట్ట కనబడుతుంది.

కాబట్టి కారణం ఒక నిర్దిష్టమైన విద్యావసరం నుంచి రావాలి. ఉదాహరణకు, ఒక ఫలానా రకపు పరిశోధన, రెండు విభాగాలను కలిపే ఒక పట్టా, తానున్నచోట బోధించని ఒక శాఖ. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్‌లో కంప్యూటర్ సైన్స్‌ను ఆంత్రోపాలజీ, భాషాశాస్త్రం, ఖగోళశాస్త్రం వంటివాటితో కలిపి ఒకే పట్టాగా ఇచ్చే కార్యక్రమాలున్నాయి. అలాంటి కలయిక తానున్నచోట లేదని చూపగలిగినవారి మాటకు బరువుంటుంది. వ్యాసంలో ప్రస్తుత విశ్వవిద్యాలయాన్ని నిందించకూడదు. చలి ఎక్కువ, తరగతులు పెద్దవి, సహాధ్యాయులతో పొసగలేదు వంటి మాటలు ఎంత నిజమైనా అవి మరో చోట కూడా ఉండేవే, చదివేవారికి అవి విద్యార్థి ఓపిక గురించి చెబుతాయి గాని ఆ సంస్థ గురించి చెప్పవు. ఆ విశ్వవిద్యాలయపు వెబ్‌సైటు నుంచి నలుగురు ప్రొఫెసర్ల పేర్లు తీసి వరుసగా పేర్చడం కూడా పనికిరాదు; అలాంటి పేరాలు నేను వందల కొద్దీ చదివాను, పేర్లు మార్చి ఏ విశ్వవిద్యాలయానికైనా పంపవచ్చు.

అయినా, వ్యాసం కన్నా ఎక్కువ మాట్లాడేది ట్రాన్స్‌క్రిప్ట్, అంటే తీసుకున్న కోర్సులు, వచ్చిన గ్రేడ్ల పట్టిక. కొత్త మేజర్‌కు మారాలనుకునేవారిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. కొన్నేళ్ళ కిందట నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి చరిత్రలో 3.9 జీపీఏ తెచ్చుకుని, మెకానికల్ ఇంజనీరింగ్ కోసం ఐదు పెద్ద విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేశాడు. వ్యాసం చక్కగా ఉంది. చిన్నప్పుడు మోటారు సైకిళ్ళు విప్పి బిగించిన సంగతి నిజాయితీగా రాశాడు. కాని డిగ్రీలో ఒక్క ఫిజిక్స్ కోర్సు లేదు, కాల్క్యులస్ హైస్కూలుతోనే ఆగిపోయింది. ఐదు చోట్లా కాదన్నారు. ఆ నిర్ణయం కఠినమని అతనికి అనిపించింది, నాకు మాత్రం సహజంగానే కనిపించింది. రెండో ఏట చేరే విద్యార్థి ఆ మేజర్ రెండో ఏటి కోర్సులలో కూర్చోగలగాలి. కూర్చోలేకపోతే ఆ సీటు ఇచ్చినవారు మొదటి ఏటి సీటునే ట్రాన్స్‌ఫర్ పేరుతో ఇచ్చినట్టు. మెకానికల్ ఇంజనీరింగ్‌లో మొదటి రెండేళ్ళ కోర్సులు గొలుసులా ఉంటాయి: మూడు కాల్క్యులస్‌లు, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, కాల్క్యులస్ ఆధారిత ఫిజిక్స్, ఆపైన స్టాటిక్స్. ఒక లంకె తప్పితే మొత్తం ఏడాది జరిగిపోతుంది.

కంప్యూటర్ సైన్స్‌లో ఆ గొలుసు కొంచెం పొట్టిది, కాని ఉంది. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు, డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ గణితం, కంప్యూటర్ లోపలి నిర్మాణం గురించి ఒక కోర్సు, అల్గారిథమ్స్. వీటిలో మీ అమ్మాయి దగ్గర ఉన్నది మొదటిది మాత్రమే. పైగా మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు నచ్చడం, డేటా స్ట్రక్చర్స్ కోర్సు నచ్చడం వేర్వేరు సంగతులు. మొదటి కోర్సులో ప్రోగ్రామ్ పనిచేసినప్పుడు కలిగే సంతోషం అందరికీ కలుగుతుంది. డిస్క్రీట్ గణితంలో ఒక నిరూపణ రాయడానికి రాత్రంతా కూర్చున్నాక కూడా ఈ సబ్జెక్టే కావాలనిపిస్తే అప్పుడు అది మేజర్. బయాలజీ నుంచి, మెడిసిన్ దారి నుంచి వచ్చిన పిల్లలు ఎందరో ఈ మలుపు దగ్గర ఆగడం చూశాను. ఆగినవారు తెలివితక్కువవారు కారు, అది వారికి సరిపడని విషయమని ముందే తెలుసుకున్నారు.

దరఖాస్తులోని మిగతా భాగాల గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి ఏడాదిలోనే మారాలనుకునేవారి విషయంలో హైస్కూలు గ్రేడ్లు, ఎస్‌ఏటీ మార్కులు ఇంకా గట్టిగా పనిచేస్తాయి, ఎందుకంటే డిగ్రీ మార్కులు ఒక సెమిస్టర్‌వి మాత్రమే ఉంటాయి. అనేక విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా ఉండే కామన్ అప్లికేషన్‌లో భాగంగా ప్రస్తుత విశ్వవిద్యాలయం నుంచి, విద్యార్థి క్రమశిక్షణలో, చదువులో మంచి స్థితిలో ఉందని తెలిపే నివేదిక పంపాలి. అది ఏ కార్యాలయం నింపుతుందో ఇప్పుడే కనుక్కోండి, మార్చి మొదటి వారంలో అక్కడ రద్దీ ఎక్కువ. రెండు సిఫారసు లేఖలలో ఒకటైనా కొత్త సబ్జెక్టు నేర్పిన ప్రొఫెసర్ నుంచి రావాలి. వందల మంది కూర్చున్న పైథాన్ తరగతిలో ప్రొఫెసర్‌కు ఆమె ముఖం తెలియదన్నది నిజం, అందుకే మూడో వారం నుంచే వారి ఆఫీసు వేళల్లో కనిపించడం అవసరమని నేను ప్రతి ఏటా చెప్పేవాణ్ణి, వినేవారు కొద్దిమందే.

సీటు వచ్చిందనుకుందాం. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు, అసలు లెక్క అప్పుడే మొదలవుతుంది. ప్రవేశ లేఖ మేలోనో జూన్‌లోనో వస్తుంది, పాత క్రెడిట్లలో వేటిని ఒప్పుకుంటారన్న పూర్తి లెక్క చాలాచోట్ల తరువాత వస్తుంది. ఒప్పుకోవడంలో కూడా రెండు రకాలున్నాయి: ఒక కోర్సును మొత్తం క్రెడిట్లలో కలుపుకోవడం ఒకటి, మేజర్‌కు తప్పనిసరైన ఫలానా కోర్సుకు బదులుగా ఒప్పుకోవడం మరొకటి. మా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థిని తన పాతచోట డేటా స్ట్రక్చర్స్‌లో 'A' గ్రేడు తెచ్చుకుంది. మా విభాగం దాన్ని ఐచ్ఛిక క్రెడిట్లుగా తీసుకుని, మా సొంత కోర్సును మళ్ళీ చదవమంది. అది శరదృతువులో ముగిస్తే గాని తరువాతి కోర్సు దొరకదు, ఆ కోర్సు వసంతంలో మాత్రమే ఉంటుంది. అలా ఒక్క కోర్సు మూలంగా ఆమె పట్టా ఒక సెమిస్టర్ ఆలస్యమైంది. ఇలాంటి విశ్వవిద్యాలయాలలో ట్యూషన్, వసతి, భోజనం కలిపి ఏడాదికి 85,000 డాలర్లు దాటుతున్న ఈ రోజుల్లో ఒక సెమిస్టర్ అంటే 40,000 డాలర్లకు పైమాటే. హైస్కూలులో రాసిన ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల విషయం కూడా అంతే. కోర్నెల్ ఇచ్చిన ఏపీ క్రెడిట్లు వెంట రావు. మార్కులను కొత్త విశ్వవిద్యాలయానికి మళ్ళీ పంపాలి, వారు తమ నియమాల ప్రకారం ఇచ్చినంత ఇస్తారు. పట్టా ఇవ్వడానికి కనీసం రెండేళ్ళు తమ దగ్గరే చదవాలని హార్వర్డ్ కోరుతుంది, సగం క్రెడిట్లు తమ దగ్గరే పూర్తిచేయాలన్న నియమం చాలాచోట్ల ఉంది. మొదటి ఏడాది తరువాతే మారేవారిని ఈ నియమం పెద్దగా బాధించదు, రెండేళ్ళ తరువాత మారేవారిని బాధిస్తుంది.

గ్రేడ్ల గురించి ఒక మాట. చాలా విశ్వవిద్యాలయాలలో క్రెడిట్లు వస్తాయి గాని గ్రేడ్లు రావు. కొత్తచోట జీపీఏ సున్నా నుంచి మొదలవుతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు మరుసటి వేసవి ఇంటర్న్‌షిప్‌ల కోసం ఆగస్టు చివరి నుంచి అక్టోబరు లోపలే విద్యార్థులను ఎంచుకుంటున్నాయి. ఆ వారాలలోనే మీ అమ్మాయి కొత్త ఊళ్ళో, కొత్త హాస్టల్ గదిలో, అక్కడి జీపీఏ ఇంకా ఒక్క అంకె కూడా లేని రెజ్యూమెతో నిలబడుతుంది. ఇది ప్రాణం మీదకొచ్చే కష్టం కాదు, కాని ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు మొదటి సెమిస్టర్‌లో దిగులుగా నా గదికి వచ్చిన సందర్భాలలో ఎక్కువ భాగం ఈ కారణంగా వచ్చినవే.

హెచ్-4 సంగతి మీరు ప్రశ్న చివర్లో ఒక్క వాక్యంలో రాశారు, నేనైతే దాన్ని ముందుకు తెస్తాను. మన తెలుగు కుటుంబాలలో గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న ఇళ్ళన్నిటిలోనూ ఈ లెక్క ఉంది. 21 ఏళ్ళు నిండిన రోజుతో హెచ్-4 అర్హత పోతుంది. దేశంలోనే చదువు కొనసాగించాలంటే అంతకు ముందే విద్యార్థి హోదా అయిన ఎఫ్-1కు మారేందుకు ఐ-539 దరఖాస్తు పెట్టాలి, లేదా బయటకు వెళ్ళి వీసా వేయించుకుని రావాలి. ఎఫ్-1కు ఆధారమైన ఐ-20 పత్రాన్ని ఇచ్చేది ఆమె చదివే విశ్వవిద్యాలయమే. అందువల్ల విశ్వవిద్యాలయం మారే తేదీ, హోదా మారే తేదీ ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకోవాలి. హెచ్-4 మీద ఉన్నంతకాలం ఆమె జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ చేయడానికి వీల్లేదు కాబట్టి, మేజర్ ఏదైనా సరే, ఎఫ్-1కు కొంచెం ముందుగానే మారడం మేలని కొన్ని కుటుంబాలు నిర్ణయించుకుంటాయి. అది మీ వలస న్యాయవాదితో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. ఇక, 'బయాలజీ చదివితే మూడేళ్ళ పని అనుమతి రాదు' అని మీకెవరో చెప్పారన్నారు, అది నిజం కాదు. చదువు తరువాత 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) పట్టాకు మరో 24 నెలలు పని అనుమతి అన్న నియమంలో బయాలజీ కూడా స్టెమ్ కిందే వస్తుంది. ఆ ఒక్క కారణంతో మేజర్ మార్చనక్కరలేదు. ఆర్థిక సహాయం విషయంలో మాత్రం జాగ్రత్త: హెచ్-4 విద్యార్థికి ఫెడరల్ సహాయం లేదు, అనేక విశ్వవిద్యాలయాలు సొంత సహాయం ఇచ్చేటప్పుడు వారిని అంతర్జాతీయ విద్యార్థులుగా లెక్కిస్తాయి, అందులోనూ ట్రాన్స్‌ఫర్‌గా వచ్చేవారికి కేటాయించే నిధులు ఇంకా తక్కువ. కోర్నెల్ ఇప్పుడు మీకేమైనా సహాయం ఇస్తుంటే దాన్ని వదులుకునే ముందు రెండుసార్లు కూడండి.

మరొక దారి ఉంది, దాన్ని తల్లిదండ్రులు ఓటమిగా చూస్తారు, నేను చూడను. కంప్యూటర్ సైన్స్‌ను మాస్టర్స్ స్థాయిలో పట్టుకోవడం. హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. కంప్యూటర్ సైన్స్‌లోకి ఆయన వచ్చింది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్వాకీలో 1990లో పూర్తిచేసిన మాస్టర్స్ ద్వారా. ఇప్పుడు వేరే సబ్జెక్టు నుంచి వచ్చేవారి కోసమే రూపొందించిన కార్యక్రమాలున్నాయి: పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఎంసీఐటీ, నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయపు అలైన్ అలాంటివి. బయాలజీ పట్టాతో పాటు కంప్యూటర్ సైన్స్ మైనర్ (అదనంగా చదివే ఉప విషయం) ఉన్న విద్యార్థికి వీటిలో, ఇంకా మామూలు కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లలో కూడా అవకాశం ఉంటుంది. కంప్యూటర్ సైన్స్, గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం వంటివాటిలో ఈ దారి బాగా పనిచేస్తుంది.

అన్నిటిలోనూ పనిచేయదు, ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. మా దగ్గర కెమిస్ట్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఏరోస్పేస్ ఇంజనీరింగ్ కావాలని వచ్చింది. మా విశ్వవిద్యాలయంలో ఆ శాఖ లేదు. పట్టా పూర్తిచేసి మాస్టర్స్‌కు వెళ్ళమని నేను గట్టిగా చెప్పాను. ఆమె వినకుండా మొదటి ఏడాది చివర మారిపోయింది. మారడమే సరైనదని తరువాత నాకు అర్థమైంది. ఇంజనీరింగ్ డిగ్రీలో మూడు, నాలుగో ఏట ప్రయోగశాలలలో, డిజైన్ ప్రాజెక్టులలో నేర్చుకునేదాన్ని మాస్టర్స్‌లో వెనక్కి వెళ్ళి నింపుకోవడం చాలా కష్టం, పైగా లైసెన్సు పొందిన ఇంజనీరు కావాలంటే గుర్తింపు పొందిన ఇంజనీరింగ్ డిగ్రీయే రాజమార్గం. ఆమెది 'అక్కడ లేనిది ఇక్కడ ఉంది' అని ఒక్క వాక్యంలో చెప్పగల కారణం. ఏ దరఖాస్తుకైనా నేను ఇప్పుడు పెట్టే పరీక్ష అదే, మీ అమ్మాయి కారణం ప్రస్తుతానికి ఆ పరీక్షలో నిలబడదు.

అందువల్ల ఈ వసంత సెమిస్టర్‌కు నా సలహా ఇది. సీఎస్ 2110, లీనియర్ ఆల్జీబ్రా ఈ సెమిస్టర్‌లోనే తీసుకోమనండి. ఏపీ కాల్క్యులస్ బీసీలో 5 వచ్చిందన్నారు కాబట్టి లీనియర్ ఆల్జీబ్రాకు కావలసిన పునాది ఆమెకు ఉంది. బయాలజీ, కెమిస్ట్రీ కోర్సులలో ఒక్కటైనా కొనసాగించాలి, ఎందుకంటే పాత దారి మూసుకోకూడదు. రెండు ప్రోగ్రామింగ్ కోర్సులూ, రెండు ప్రయోగశాలలూ ఒకేసారి పెట్టుకుంటే రెండూ చెడతాయి. ఫిబ్రవరిలో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కళాశాల సలహాదారును స్వయంగా కలిసి, అంతర్గత బదిలీకి ఏ గ్రేడ్లు, ఏ తేదీలు అన్నది రాతలో తీసుకోవాలి. ఏటా మారే ఈ నియమాలను స్నేహితుల మాట మీద నమ్మవద్దు. బయటికి దరఖాస్తు చేయాలని ఆమె పట్టుబడితే ఒకటి రెండు చోట్లకు మించకుండా చేయనివ్వండి. దరఖాస్తు పంపినా కోర్నెల్‌లో వచ్చే శరదృతువు కోర్సులకు మామూలుగానే నమోదు చేసుకోవాలి, గది కూడా తీసుకోవాలి. ప్రవేశ లేఖ చేతికి వచ్చి, క్రెడిట్ల లెక్క చూసుకునే దాకా ఇక్కడ దేన్నీ రద్దు చేసుకోవద్దు.

ఒకవేళ ఈ మార్చిలో దరఖాస్తు చేయకుండా రెండో ఏట చేయాలనుకుంటే, అప్పటికి డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ గణితం రెండింటి గ్రేడ్లూ చేతిలో ఉంటాయి, దరఖాస్తు ఇప్పటికన్నా చాలా బలంగా ఉంటుంది. కాని అప్పుడు కొత్తచోట మిగిలేది రెండేళ్ళే, ఆమె 21వ పుట్టినరోజు ఆ మార్పు జరిగే నెలలకు ఎంత దగ్గరలో పడుతుందో మీరు చూసుకోవాలి. ఆ తేదీ, 2110లో వచ్చే మధ్యంతర పరీక్ష మార్కులు, ఈ రెండూ తెలిశాక మళ్ళీ రాయండి. అప్పుడు ఈ సాధారణ మాటలు పక్కన పెట్టి ఆమె కోర్సుల పట్టికనే ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం.